పిడికిలి తెరుచుకునే వరకు: వినికిడి లేని రాజపాళయం కుక్కపిల్లకు ప్రాథమిక ఆదేశాలు నేర్పిన ఒక కేసు

గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక విశ్రాంత లెక్కల మాస్టారి ఇంటి నుంచి సెప్టెంబరు చివరి వారంలో నాకు ఫోన్ వచ్చింది. అయిదు నెలల ఆడ కుక్కపిల్ల, జాతి రాజపాళయం, పేరు మల్లి. ఫిర్యాదును ఆయన ఒక్క ముక్కలో చెప్పారు: "పిలిస్తే పలకదు, ముట్టుకుంటే కరుస్తుంది." దానికి వారం ముందు గుమ్మం పక్కన నిద్రపోతున్న ఆ పిల్ల మీద మాస్టారి మనవడు వెనక నుంచి చెయ్యి వేస్తే అది ఉలిక్కిపడి లేచి వాడి ముంజేతిని నోట పట్టింది. పళ్లు లోతుగా దిగలేదు కానీ చర్మం గీరుకుపోయింది. ఇంట్లోవాళ్లు ఆ గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా మొదలుపెట్టించారు. ఆ రోజు నుంచి కుక్కను పెరట్లో గొలుసుతో కట్టేశారు. అంతకు ముందు నెల రోజుల పాటు వచ్చిన ఒక శిక్షకుడు అది మొండిదని తేల్చి, మెడలో బిగుసుకునే గొలుసు వేసి లాగుతూ "సిట్" నేర్పాలని చూసి వదిలేశారు. నేను వెళ్లే సమయానికి దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామన్న మాట ఇంట్లో నడుస్తోంది.

మొదటి రోజు నేను ఏ ఆదేశమూ ఇవ్వకుండా వసారాలో గంటసేపు కూర్చుని దాన్ని గమనించాను. ఒళ్లంతా పాలనురుగు తెలుపు; ముక్కు, కనురెప్పల అంచులు గులాబీ రంగు. గొలుసు విప్పగానే నా చుట్టూ తిరిగి వాసన చూసింది, తోక ఊపింది, నా చెప్పులు నాకింది. కోపిష్టి కుక్క లక్షణం ఒక్కటీ కనిపించలేదు. గేటు వైపు మొహం పెట్టి ఉన్నప్పుడు ఎవరు వచ్చినా వెంటనే లేచేది, వీపు తిప్పి ఉన్నప్పుడు మాత్రం మనిషి దాని పక్కకు వచ్చే దాకా తెలిసేది కాదు. పాత ఇనుము కొనే బండి మైకులో అరుచుకుంటూ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లినా దాని చెవి కొస కదల్లేదు. ఇంతలో మాస్టారి భార్య కాఫీ తెచ్చి ఇస్తూ, "ఏం మొద్దు నిద్రో బాబూ, వంటింట్లో కుక్కర్ మూడు కూతలు కూసినా కన్ను తెరవదు, కోడికూర వండితే మాత్రం ఎక్కడున్నా లేచి వస్తుంది" అన్నారు. ఆమె మామూలుగా అన్న ఆ మాటలోనే కేసు మొత్తం ఉంది.

వినికిడి పరిశీలన

ఇంట్లో వినికిడి పరీక్షించడం తేలిక పనిలా కనిపిస్తుంది కానీ, అందులో మోసపోవడం అంతకంటే తేలిక. చప్పట్లు కొడితే చేతుల కదలిక కనిపిస్తుంది, తలుపు వేస్తే గాలి తగులుతుంది, దగ్గరికి వెళితే మన వాసన వెళుతుంది. చెవిటి కుక్క వీటన్నిటికీ స్పందిస్తుంది కాబట్టి ఇంటివాళ్లు "వినిపిస్తోంది, కావాలనే రావడం లేదు" అనుకుంటారు. అందువల్ల మల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు, గాలి అటు నుంచి ఇటు వీచే వేళ చూసుకుని, పక్క గది తలుపు సందు నుంచి ఒకసారి ఈల, ఒకసారి తాళాల గుత్తి, ఒకసారి నొక్కితే కీచుమనే బొమ్మ ప్రయత్నించాను. రెండు వేర్వేరు రోజుల్లో చేసినా ఏ శబ్దానికీ చెవిలో గానీ ఊపిరిలో గానీ మార్పు లేదు. కుక్కలు దాదాపు 45,000 హెర్ట్జ్ వరకు, అంటే మన చెవికి అందే పై హద్దుకు రెట్టింపు దాటిన శబ్దాలను కూడా వినగలవు. అటువంటి జంతువు కీచుబొమ్మకు కదలలేదంటే అనుమానానికి పెద్దగా చోటు లేదు.

చెవిలో గులిమి, చీము, పురుగు లాంటి అడ్డంకులేమైనా ఉన్నాయేమో చూపించమని పంపితే వాళ్లు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లారు. అక్కడ చెవి నాళాలు శుభ్రంగా ఉన్నాయని చెప్పారు. వినికిడిని కచ్చితంగా నిర్ధారించేది బేర్ అనే పరీక్ష: తల చర్మం కింద సన్నని సూది ఎలక్ట్రోడ్లు ఉంచి, ఒక్కొక్క చెవిలో టిక్ టిక్ మనే శబ్దాలు వినిపించి, మెదడు కాండం నుంచి వచ్చే విద్యుత్ స్పందనను నమోదు చేస్తారు. కుక్కపిల్లకు అయిదు వారాలు నిండాక ఎప్పుడైనా చేయవచ్చు. మాకు ఆ పరికరం అందుబాటులో లేదు. ఒక చెవి మాత్రమే పోయిన కుక్కను ఇంటి పరీక్షలతో పట్టుకోలేం కాబట్టి అక్కడ బేర్ తప్పనిసరి. మల్లి విషయంలో రెండు చెవులూ పనిచేయడం లేదనుకుని శిక్షణ రూపొందించడమే నాకు సరైనదిగా తోచింది.

కారణం గురించి మాస్టారు చాలా ప్రశ్నలు అడిగారు, ఎందుకంటే తాము ఏదో తప్పు చేశామన్న బాధ ఆయనలో ఉంది. ఈ చెవుడు పుట్టుకతో వచ్చే రకం. చర్మానికి, వెంట్రుకలకు రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో ఒక పొరలో కూడా ఉంటాయి. శబ్దాన్ని పట్టుకునే కేశకణాలకు కావలసిన రసాయన వాతావరణాన్ని ఆ పొర నిలబెడుతుంది. తెలుపును తెచ్చే జన్యువులు ఆ రంగు కణాలను అక్కడికి చేరనివ్వకపోతే, పిల్ల పుట్టిన మూడు నాలుగు వారాల్లోపే కేశకణాలు చచ్చిపోతాయి. ఆ తర్వాత మందు లేదు, ఆపరేషన్ లేదు. అమెరికాలో పరీక్షించిన డాల్మేషన్లలో దాదాపు 30 శాతానికి కనీసం ఒక చెవి వినబడదని తేలింది. మన రాజపాళయం జాతిలో కూడా ఈ లోపం బాగా తెలిసినదే. మచ్చ లేని తెలుపు, గులాబీ ముక్కు ఉన్న పిల్లలనే ఏరి కొనే మోజు ఉన్నంత కాలం ఇటువంటి పిల్లలు పుడుతూనే ఉంటాయి. మల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని, దాన్ని పెంచి ఇచ్చిన వారికి విషయం తెలియజేయమని మొదటి వారంలోనే చెప్పాను.

స్పర్శ, చూపు: మొదటి రెండు వారాలు

కూర్చోవడం, ఆగడం లాంటివి పక్కన పెట్టి ముందు రెండు పనులే పెట్టుకున్నాను. హఠాత్తుగా తగిలిన చేతికి అది పళ్లతో జవాబివ్వకూడదు. మనం పిలవకుండానే అది మన వైపు చూస్తూ ఉండాలి. చెవిటి కుక్క మన వైపు చూడనంత సేపూ మనం దానికి లేనట్టే, కాబట్టి చూపు కుదరక ముందు నేర్పే ఏ సైగ అయినా గోడకు చేసిన సైగే.

స్పర్శకు కుడి భుజం ఒక్కటే ఎంచుకున్నాం. ఇంట్లో నలుగురూ అక్కడే, రెండు వేళ్లతో, ఒకే తీరున తాకాలి. తాకిన మరుక్షణం ఉడికించిన కోడిమాంసం ముక్క, బఠాణీ గింజంత, నోటికి అందాలి. మెలకువగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, నాలుగో రోజున అది కునికిపాట్లు పడుతున్నప్పుడు, తొమ్మిదో రోజున నిద్రలో ఉన్నప్పుడు ప్రయత్నించాం. నిద్రలో ఉన్నప్పుడు ముందు ముక్కుకు జానెడు దూరంలో అరచెయ్యి ఉంచి వాసన చేరనిచ్చి, ఆ తర్వాతే భుజం తాకాలని నియమం. ఇది బాగా కుదురుతున్న దశలో ఒక మధ్యాహ్నం అమ్మగారు చెయ్యి పెట్టగానే మల్లి ఏకబిగిన తుమ్మి, లేచి దూరంగా పోయింది. అప్పుడే రోట్లో గొడ్డుకారం దంచి వచ్చిన చెయ్యి అది. గుంటూరు ఇంట్లో ఈ సంగతి ముందే ఆలోచించవలసింది నేను. ఆ రోజు నుంచి గుమ్మం పక్కన సబ్బు, చెంబుతో నీళ్లు పెట్టారు.

పుస్తకాల్లో సాధారణంగా కనిపించే మరో సలహా, నేలను కాలితో తట్టి ప్రకంపన ద్వారా పిలవమనడం. చెక్క నేలలున్న ఇళ్లలో అది పనిచేస్తుంది. మన ఇళ్ల గ్రానైటు బండల మీద, గచ్చు మీద ఎంత గట్టిగా తొక్కినా కాలు నొప్పి పుడుతుంది తప్ప మూడడుగుల అవతల ఉన్న కుక్కకు ఏమీ అందదు. అయితే మల్లికి మాస్టారి పాత చెక్క మంచం మీద పడుకునే అలవాటు ఉంది. మంచం కోడు మీద వేళ్లతో రెండుసార్లు తడితే చాలు, కళ్లు తెరిచేది. అందుకని దాని పడకను శాశ్వతంగా ఒక పల్చటి చెక్క బల్ల మీదికి మార్చాం.

చూపు విషయంలో చేసిన పని చాలా సాదా అయినది. మాస్టారు వాలుకుర్చీలో ముక్కల గిన్నె పెట్టుకుని ఊరికే కూర్చుంటారు; మల్లి తనంతట తాను ఆయన మొహం వైపు చూసిన ప్రతిసారీ "సరైనదే" అని చెప్పే గుర్తు సైగ, ఆ వెంటనే ముక్క. పిలవడం, ఊరించడం లేవు. మొదటి రోజు పది నిమిషాల్లో రెండుసార్లు చూసింది. ఆరో రోజుకు ఆయన కుర్చీ లాగితేనే ఎదురుగా వచ్చి నిలబడి మొహంలోకి చూడటం మొదలుపెట్టింది. రోజుకు అయిదు విడతలు, విడతకు మూడు నిమిషాలు మించకుండా చూశాం. మధ్యాహ్నం అన్నంలో కోడి తగ్గించి ఆ మేరకే ముక్కలకు వాడాం.

గుర్తు సైగ అంటే వినికిడి ఉన్న కుక్కకు క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న శిక్షణ పరికరం) చేసే పనిని కంటికి అప్పగించడం: "ఇప్పుడు నువ్వు చేసినది సరైనదే, ముక్క వస్తోంది" అని చెప్పే ఒకే ఒక కదలిక. బొటనవేలు పైకెత్తి చూపడం ఎక్కువమంది వాడే సైగ. అమ్మగారికి కీళ్లవాతం వల్ల కుడి బొటనవేలు నిటారుగా నిలవదు. అందువల్ల పిడికిలి బిగించి, అయిదు వేళ్లూ ఒక్కసారిగా విచ్చుకునేలా తెరవడాన్ని ఎంచుకున్నాను. మొదటి రెండు రోజులు మరే పనీ అడగకుండా, తెరిచిన ప్రతిసారీ ముక్క ఇచ్చి దానికి విలువ కట్టాం.

ఇంట్లోవాళ్లను మాట్లాడటం మానేయమని నేను చెప్పలేదు, మానొద్దనే చెప్పాను. నోరు మూసుకుని సైగలు చేసే మనిషి మొహం బిగుసుకుపోతుంది. "భేష్ మల్లీ" అని నోటితో అన్నప్పుడు మొహం తనంతట తానే విప్పారుతుంది, కుక్క చదువుకునేది ఆ మొహాన్నే.

కూర్చో, పడుకో

ఈ రెండింటికీ పెద్దగా శ్రమ పడలేదు. ముక్కను ముక్కు దగ్గర నుంచి తల మీదుగా వెనక్కి తీసుకెళితే నడుము దానంతట అదే కిందికి దిగుతుంది. అదే చేతి కదలికను క్రమంగా అరచెయ్యి పైకి ఉంచి నడుము నుంచి భుజం దాకా ఎత్తే సైగగా మార్చాం. పడుకోవడానికి అరచెయ్యి నేల వైపు ఉంచి కిందికి దించడం. రాజపాళయం లాంటి పొడవు కాళ్ల, సన్నని ఒంటి కుక్కలు గట్టి నేల మీద కూర్చోవడానికి, పడుకోవడానికి ఇష్టపడవు, ఎముకలకు ఒత్తుకుంటుంది. పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచాకే పడుకోవడం కుదిరింది. పన్నెండు రోజుల్లో చేతిలో ముక్క లేకుండానే రెండు సైగలూ అర్థమయ్యాయి. మొండిదని పేరు పడిన కుక్క ఇది.

ఆగు: నా పొరపాటు

నాలుగో వారంలో "ఆగు" మొదలుపెట్టాం. పోలీసు చెయ్యి చూపినట్టు అరచేతిని ముందుకు చాచి నిలబెట్టడం, అందరికీ అలవాటైన సైగే. ఒక అడుగు వెనక్కి వేసే వరకు మల్లి కూర్చునే ఉండేది. రెండో అడుగులో లేచి వచ్చేసేది. పదిసార్లు చేస్తే ఏడెనిమిది సార్లు ఇదే వరుస. దూరం తగ్గించాం, సమయం తగ్గించాం, ముక్కలు పెంచాం, లేవకముందే ఇచ్చాం. మూడు రోజులు ప్రయత్నించినా మెరుగుపడలేదు సరికదా, అది ముందుకు వచ్చి నా చేతిని ముక్కుతో పొడవడం మొదలుపెట్టింది. మా అందరిలోనూ విసుగు కనిపిస్తోంది, ఆ విసుగును అది మొహాల్లో చదివి చెవులు వెనక్కి వాల్చేస్తోంది.

మాస్టారి మనవడు ఆ విడతలను ఫోనులో వీడియో తీస్తున్నాడు. ఒక రాత్రి ఇంటికి వచ్చాక దాన్ని శబ్దం ఆపేసి చూశాను. శబ్దంతో చూసినంత సేపూ "మల్లీ, ఆగు, ఆగు" అన్న నా గొంతే నా దృష్టిని పట్టుకుంది. శబ్దం తీసేయగానే మల్లికి కనిపించేదే నాకూ కనిపించింది. నేను ప్రతిసారీ ముక్క పట్టుకున్న పిడికిలిని ముందుకు తెచ్చి, దాన్ని తెరిచి అరచెయ్యి చూపిస్తున్నాను. పిడికిలి తెరుచుకోవడం అంటే "సరిగ్గా చేశావు, వచ్చి తీసుకో" అని మూడు వారాలుగా మేమే నేర్పాం. అది లేచి వచ్చి చేతిని పొడిచింది ముక్క కోసమే. ఆ పది సార్లలో కదలకుండా కూర్చున్న రెండు మూడు సార్లే దాని పొరపాట్లు. మిగిలినవన్నీ మా సైగకు సరైన జవాబులు.

గుర్తు సైగకు కట్టిన విలువను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకని "ఆగు" సైగనే మార్చాం: బిగించిన పిడికిలిని భుజం కంటే పైకి ఎత్తి కదలకుండా పట్టుకోవడం. పిడికిలి మూసి ఉన్నంత సేపు ఆగాలి, తెరుచుకుంటే ముగిసింది, ముక్క వస్తుంది. రెండు సైగలు ఒకే వాక్యంలోని రెండు భాగాల్లా కలిసిపోయాయి. మల్లి ఎత్తిన పిడికిలినే కన్నార్పకుండా చూస్తూ, అది విచ్చుకునే క్షణం కోసం తోక కొస మాత్రం నేల మీద ఆడిస్తూ కూర్చునేది. మూడో రోజుకు పది సెకన్లు, రెండో వారాంతానికి డాబా మీద ఇరవై అడుగుల దూరంలో నిమిషం పాటు ఆగింది. అప్పటి నుంచి నా దగ్గరకు వచ్చే ప్రతి కేసులోనూ, అది వినికిడి ఉన్న కుక్క అయినా సరే, వీడియోను ముందు శబ్దం లేకుండా చూస్తున్నాను.

దీనికి అనుబంధంగా ఇంకొకటి తెలిసింది. సాయంత్రం వేళ మాస్టారు ముదురు రంగు చొక్కా వేసుకుని ఛాతీ ముందు సైగ చేస్తే మల్లి తడబడేది. తెల్ల బనియనుతో ఉన్నప్పుడు అదే సైగ ఇట్టే పట్టుకునేది. ఆయన చెయ్యి చొక్కా రంగులో కలిసిపోతోంది. ఇక మీదట అన్ని సైగలూ ఒంటికి పక్కగా, చేతి వెనక ఖాళీ ఉండేలా చేయాలని నిర్ణయించాం.

రా

పిలిస్తే రావడం అన్నిటికంటే ముఖ్యం, చెవిటి కుక్కకు అన్నిటికంటే కష్టం. పైగా రాజపాళయం చూపుతో వేటాడే జాతి. దాని కన్ను మనకు అందివచ్చిన దారి కూడా, అదుపు తప్పించే దారి కూడా: ఒక ఉడుత కదిలిందంటే ఆ కన్నులో మనకు చోటు ఉండదు. అందుకని బహిరంగ ప్రదేశంలో తాడు లేకుండా ఎన్నటికీ వదలకూడదని మాస్టారి చేత మాట తీసుకున్నాకే ఈ పాఠం మొదలుపెట్టాను. పది మీటర్ల నూలు తాడు, అది కూడా మెడపట్టీకి కాకుండా ఛాతీకి వేసే హార్నెస్‌కు కట్టాం. అంత వేగంగా పరుగెత్తే కుక్క తాడు చివర ఒక్కసారిగా ఆగితే మెడ దెబ్బతింటుంది.

ఇంట్లో నేర్పినప్పుడు విచిత్రమైన అడ్డంకి ఎదురైంది. అమ్మగారు రమ్మన్నప్పుడు మల్లి సగం దూరం వచ్చి ఆగిపోయి, తల కొంచెం వాల్చి నిలబడేది. మాస్టారి దగ్గరికి మాత్రం పూర్తిగా వచ్చేది. మనం మనిషిని దగ్గరికి రమ్మనడానికి అరచెయ్యి కిందికి పెట్టి నాలుగు వేళ్లూ మన వైపు మడుస్తాం. వంటింట్లోకి వచ్చిన కుక్కను పొమ్మనడానికి కూడా అరచెయ్యి కిందికి పెట్టి అవే వేళ్లను బయటికి విదిలిస్తాం. దగ్గర నుంచి చూసే మనకు రెండూ వేరు. పదిహేను అడుగుల దూరంలో, నేలకు రెండడుగుల ఎత్తున ఉన్న కంటికి రెండూ వేళ్ల ఆడింపే. రోజుకు నాలుగుసార్లు వంటింటి గుమ్మంలో "పో" అనిపించుకున్న కుక్క "రా" దగ్గర సందేహించడం న్యాయమే. "అరవై ఏళ్ల అలవాటు బాబూ, చెయ్యి దానంతట అదే ఆడుతుంది" అన్నారామె. అలవాటును మాన్పించే బదులు "రా" కోసం అసలు పోలికే లేని సైగ పెట్టాం: రెండు చేతులూ బార్లా చాచి ఛాతీ మీదికి తెచ్చుకోవడం, పిల్లవాడిని ఎత్తుకోబోయే ముందు చేసినట్టు. వంటింటి గుమ్మానికి అడ్డంగా చిన్న చెక్క గేటు పెట్టించడంతో "పో" అవసరమే తీరిపోయింది.

కుక్కలు నిశ్చలంగా ఉన్నదాని కంటే కదిలేదాన్ని చాలా దూరం నుంచి పట్టుకుంటాయి. 1936లో పోలీసు కుక్కల మీద జరిగిన పరీక్షల్లో కదులుతున్న వస్తువును 800 మీటర్లకు పైగా దూరం నుంచి గుర్తించినవి, అదే వస్తువు కదలకుండా ఉంటే 600 మీటర్ల లోపుకు వస్తే గానీ గుర్తించలేకపోయాయి. కాబట్టి దూరం పెరిగే కొద్దీ సైగ పెద్దది కావాలి, ఆగకుండా కదలాలి. మాస్టారు తన భుజం మీద ఉండే ఎర్ర తువ్వాలు ఊపడానికి సిద్ధపడితే వద్దన్నాను, కుక్క కంటికి ఎరుపు మట్టిరంగులా మసకగా కనిపిస్తుంది. పసుపు, నీలం స్పష్టంగా కనిపిస్తాయి. అమ్మగారి పాత పసుపు చీర చెంగును చించి ఒక గుడ్డ తయారు చేసుకుని, ఏటుకూరు దాటాక వాళ్ల బంధువుల కంచె వేసిన చేలో ఆదివారాలు పొద్దున్నే సాధన చేశాం.

చూడని కుక్కకు ఏ గుడ్డా కనిపించదు కాబట్టి, చూడమని చెప్పడానికి కంపించే మెడపట్టీ ఒకటి అవసరమైంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన మొదటి పట్టీలో కంపనంతో పాటు విద్యుత్ షాకు ఇచ్చే మీట కూడా ఉంది. నేను దాన్ని తిప్పి పంపించమన్నాను. ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లవాడు ఉన్నాడు, రెండు మీటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఎవరు నొక్కకపోయినా సరే, షాకుతో నేర్పే పని నేను చేయను. కంపనం మాత్రమే ఉన్న రెండో పట్టీ వచ్చాక ఉత్సాహపడి నేరుగా మెడకు కట్టి నొక్కాం. మల్లి గిర్రున తిరిగి మెడ వెనక భాగాన్ని గోళ్లతో గీరుకుంది, గోమారి కుట్టినప్పుడు గీరుకున్నట్టే. వెంటనే తీసేసి, పట్టీని నా చేతిలో పెట్టుకుని అతి తక్కువ స్థాయిలో కంపింపజేస్తూ అన్నం గిన్నె పక్కన నాలుగు రోజులు, దాని భుజానికి ఆనించి మరో నాలుగు రోజులు, ఆ తర్వాతే మెడకు. కంపనం, ముక్క, కంపనం, ముక్క. పదకొండో రోజున చేలో అది చెట్టు మొదలు వాసన చూస్తుండగా ఒక్కసారి నొక్కాను. తల ఎత్తి వెనక్కి తిరిగి మా మొహాల కోసం వెతికింది. మాస్టారు చేతులు చాచారు, గుడ్డ ఎగిరింది, ముప్ఫై అడుగులు దూకుతూ వచ్చి ఆయన మోకాళ్లకు తలతో గుద్దింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

వెలుతురు, వీడ్కోలు

దీపావళి రాత్రి వీధి వీధంతా టపాకాయలు పేలుతుంటే మల్లి తన బల్ల మీద నిద్రపోయింది. కానీ రాత్రి వేళ పిలవడానికి అప్పటికే మేము వాడుతున్న టార్చి లైటు ఇబ్బంది తెచ్చింది. నాలుగైదు రోజుల్లోనే అది మా వైపు చూడటం మానేసి గోడ మీద పడే వెలుగు మచ్చను తరమడం మొదలుపెట్టింది, టార్చి లేనప్పుడు కూడా గోడ వైపు చూస్తూ నిలబడేది. ఈ వెలుగు వెంట పడే అలవాటు ముదిరితే మాన్పించడం చాలా కష్టం. లేజరు లైటును అయితే ఇంట్లోకే రానివ్వకూడదు. టార్చిని ఆ రోజే ఆపేసి, వసారా బల్బును రెండుసార్లు ఆర్పి వెలిగించడాన్ని పిలుపుగా నేర్పాం. బల్బు వెలుగు అంతటా సమంగా పరుచుకుంటుంది, తరమడానికి మచ్చ ఉండదు.

ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా నేను నేర్పించిన సైగ మరొకటి ఉంది. మల్లి నిద్ర లేచేసరికి గదిలో ఎవరూ లేకపోతే గది గది వెతుకుతూ రొప్పేది, ఆ తర్వాత మనుషుల కాళ్లకు చుట్టుకుని ఎక్కడికీ కదలనిచ్చేది కాదు. పక్క గదిలో గిన్నెల చప్పుడు వినగలిగిన కుక్కకు ఇల్లు నిండుగా ఉందని తెలుస్తుంది. దీనికి ఆ ధైర్యం లేదు. కాబట్టి గది దాటి వెళ్లే ప్రతి ఒక్కరూ ముందు దాని భుజం తాకి, అరచేతిని నుదుటికి ఆనించి తీయాలని పెట్టాం: "వెళ్తున్నాను, వస్తాను". మొదట్లో అర నిమిషంలో తిరిగి వచ్చి, వారాల మీద ఆ వ్యవధిని గంట దాకా పెంచాం. రొప్పడం పోవడానికి ఐదు వారాలు పట్టింది. అన్ని ఆదేశాల్లోకీ దానికి ఎక్కువ ఊరటనిచ్చింది ఇదేనని నా అభిప్రాయం.

పన్నెండో వారం తర్వాత

డిసెంబరు ఆఖరుకు ఇంట్లో, డాబా మీద కూర్చో, పడుకో, ఆగు నలుగురి చేతుల్లోనూ పదికి తొమ్మిదిసార్లు కుదురుతున్నాయి. నలుగురి సైగలూ ఒకేలా ఉండేలా మనవడు ఫ్రిజ్ తలుపు మీద బొమ్మలు గీసి అంటించాడు. వాళ్ల నాన్న పిడికిలి సరిగ్గా ఎత్తకపోతే దిద్దేది వాడే. నిద్రలో తాకినప్పుడు పళ్లు చూపడం అక్టోబరు తర్వాత మళ్లీ జరగలేదు, అయినా వాడి స్నేహితులు వచ్చినప్పుడు కుక్క వేరే గదిలో ఉండాలన్న నియమం కొనసాగుతోంది. మెడపట్టీకి "నాకు వినిపించదు" అని రాసిన రేకు బిళ్ల, ఇంటి ఫోన్ నంబరు, చీకట్లో అది ఎక్కడుందో వీళ్లకు తెలియడానికి చిన్న మువ్వ ఉన్నాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ జనవరిలో జరిగింది. ఎండలు ముదిరే లోపు సాధన వేళలను తెల్లవారుజాముకు మార్చాలి, ఎందుకంటే మార్చి వచ్చేసరికి డాబా గచ్చు పది గంటలకే పాదాలు కాల్చేస్తుంది.

చేలో "రా" తాడు మీద బాగానే ఉంది. కుదరనిది పిల్లి. పక్కింటి ప్రహరీ మీద రోజూ సాయంత్రం నడిచే ఒక బూడిద రంగు పిల్లి కనిపిస్తే పట్టీ కంపించినా మల్లికి తెలియదు. దీనికి కంపనం స్థాయి పెంచడం పరిష్కారం కాదని మాస్టారికి వివరించి, పిల్లికి నలభై అడుగుల దూరం నుంచి మొదలుపెట్టాం. పిల్లిని చూసిన తర్వాత మల్లి ఏ కారణం చేతనైనా మా వైపు రవ్వంత తల తిప్పితే చాలు, పిడికిలి తెరుచుకుంటుంది, ముక్క వస్తుంది. వారం వారం నాలుగేసి అడుగులు దగ్గరికి జరుగుతున్నాం.

మొన్నటి శనివారం ఇరవై అడుగుల దూరంలో ఉన్నాం. పిల్లి గోడ మీదికి వచ్చింది. మల్లి వీపు మీద వెంట్రుకలు లేచాయి, ముందరి కుడికాలు గాల్లోకి లేచి అలాగే నిలిచిపోయింది, తాడు బిగుసుకోలేదు కానీ బిగుసుకోబోతోంది. మాస్టారు ఏమీ చేయకుండా పిడికిలి ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. నేను మనసులో ఆరు లెక్కపెట్టాను. మల్లి మెడ కదలకుండా కంటి కొసతో ఆయన చెయ్యి ఎక్కడుందో చూసింది.

పిడికిలి తెరుచుకుంది.